మందు వైరస్ మీద కాదు, మన కాలేయ కణం మీదే కూర్చుంటుందట. భయంగా ఉంది

వెన్నెల_వాకిలి
మా ఆయనకు హెపటైటిస్ బి ఉందని తెలిసి తొమ్మిదేళ్లయింది. టెనోఫోవిర్ బిళ్ల ఒక్క రోజు కూడా మానలేదు. వైరల్ లోడు ఎప్పుడు చేయించినా ‘కనపడలేదు’ అనే వస్తుంది. అయినా ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటోందని చెప్పే రక్తపరీక్ష) దిగిరాదు. కాలేయం ఎంత గట్టిపడిందో చూపే ఫైబ్రోస్కాన్ అంకె ఏటేటా పెరుగుతూనే ఉంది. మందు ఎగ్గొడుతున్నాడేమో అన్నారు పాత డాక్టరు. ఆ మాట పట్టుకుని నేను కూడా ఆయన్ని ఎన్నిసార్లు సాధించానో.

పోయిన నెల వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే మొదటి రోజే డెల్టా పరీక్ష రాశారు. పాజిటివ్. అంటే బి తో పాటు హెపటైటిస్ డి (దాన్నే డెల్టా అంటారట) కూడా ఎప్పటినుంచో లోపల ఉంది, ఎవరూ వెతకలేదు.

ఇప్పుడు బులెవిర్టైడ్ అనే ఇంజక్షన్ రోజూ పొడుచుకోవాలంటున్నారు. అది వైరస్‌ను ముట్టుకోదట. కాలేయ కణం మీద వైరస్ లోపలికి దూరే ప్రోటీన్ ఒకటి ఉందట, ఈ మందు వెళ్లి దాని మీద కూర్చుంటుందట. అక్కడే నాకు గుండె జారింది. అసలే దెబ్బతిన్న కాలేయం. ఆ ప్రోటీన్‌కు ఏదో ఒక పని ఉంటుంది కదా, ఆ పని ఆగిపోతే? ఇంకో సందేహం: వైరస్‌ను చంపని మందుతో జబ్బు ఎలా తగ్గుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

పాతకాపు
నాకు బి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. డెల్టా పరీక్ష అనే మాట ఈ రోజే వింటున్నాను. ఇది అందరూ చేయించుకోవాలా?

మందుల_చీటీ
@పాతకాపు ఒక్కసారైనా చేయించుకోండి. యాంటీ హెచ్‌డీవీ అని రాయించుకుంటే చాలు. అది పాజిటివ్ వస్తేనే, వైరస్ ఇప్పుడు రక్తంలో ఉందో లేదో చూసే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. దీర్ఘకాలం బి ఉన్నవాళ్లలో దాదాపు 5 శాతం మందికి డి కూడా ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బి లోడు అదుపులో ఉండి ఎస్‌జీపీటీ మాత్రం దిగకపోతే తప్పకుండా చేయించాలి. వెన్నెల గారి ఇంట్లో జరిగింది సరిగ్గా అదే.

పిపెట్_పట్టినచేయి
వెన్నెల గారూ, నేను డాక్టర్ని కాదు, ఈ వైరస్‌ల మీద ల్యాబ్‌లో పనిచేస్తాను. మీరు అడిగింది చాలా సరైన ప్రశ్న. ఆ ప్రోటీన్‌కు పని ఉంది. అది వైరస్ కోసం పుట్టలేదు.

దాని పేరు ఎన్‌టీసీపీ. కాలేయ కణానికి రక్తం తగిలే వైపున ఉంటుంది. కొవ్వు అరగడానికి కాలేయం పైత్యరసంతో పాటు బైల్ యాసిడ్స్‌ని పేగులోకి పంపుతుంది. పని అయ్యాక వాటిలో దాదాపు 95 శాతాన్ని పేగు తిరిగి పీల్చుకుని రక్తంలోకి వదులుతుంది. అలా వాపసు వచ్చినవాటిని పట్టి కణంలోకి లాగడమే ఎన్‌టీసీపీ ఉద్యోగం. ఒక్కో బైల్ యాసిడ్‌తో రెండు సోడియం అయాన్లు కూడా లోపలికి వస్తాయి.

ఇక వైరస్ సంగతి. బి వైరస్ పైపొరలో మూడు సైజుల ప్రోటీన్లు ఉంటాయి. అన్నిటికన్నా పెద్దదాని కొసన ప్రీఎస్1 అనే భాగం ఉంటుంది. వైరస్ ముందుగా కణం ఒంటి మీద ఉన్న హెపరాన్ సల్ఫేట్ గొలుసులకు వదులుగా అతుక్కుంటుంది. అవి మన ఒంట్లో చాలా కణాల మీద ఉంటాయి. తర్వాత ప్రీఎస్1 వెళ్లి ఎన్‌టీసీపీని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు దొరికితేనే లోపలికి ప్రవేశం. ఎన్‌టీసీపీ ప్రధానంగా కాలేయ కణాల మీదే ఉంటుంది. ఈ వైరస్ కాలేయాన్నే పట్టుకోవడానికి అది ఒక ముఖ్య కారణం. డి వైరస్‌కు సొంత చొక్కా లేదు. బి తయారుచేసిన పైపొరనే తొడుక్కుంటుంది, కాబట్టి దానికీ అదే గుమ్మం.

బులెవిర్టైడ్ అంటే ప్రీఎస్1లోని 47 అమైనో ఆమ్లాల ముక్క, కొసన ఒక కొవ్వు ఆమ్లం తగిలించి తయారుచేసినది. వైరస్ చేయి మాత్రమే ఉంది, వెనకాల వైరస్ లేదు అనుకోండి. ఆ ఉత్త చేతులు వెళ్లి ఎన్‌టీసీపీని పట్టుకుని కూర్చుంటే అసలు వైరస్‌కు పట్టు దొరకదు.

రెండో ప్రశ్నకు సాయంత్రం రాస్తాను, సెంట్రిఫ్యూజ్ ఆగింది.

వెన్నెల_వాకిలి
ఎంత విడమరిచి చెప్పారు. మరి ఆ బైల్ యాసిడ్స్ లోపలికి రాకపోతే ఎక్కడికి పోతాయి? ఆ ఒక్కటి ముందు చెప్పండి.

బయాలజీ_బల్ల
రక్తంలో పెరుగుతాయి. అయితే కాలేయానికి ఈ ఒక్క దారే కాదు, ఓఏటీపీ అనే ఇంకో రకం రవాణా ప్రోటీన్లు కూడా కొంత లాగుతాయి. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఈ మందునే ఉదాహరణగా చెబుతాను. 2012లో రిసెప్టర్, అంటే వైరస్ పట్టుకునే ఆ గుమ్మం, ఏదో కనుక్కున్నారు, 2020లో దాన్ని మూసే మందు వచ్చింది. ముందు తాళం దొరికింది, తర్వాత దానికి సరిపోయే చెవి చేశారు.

పిపెట్_పట్టినచేయి
@బయాలజీ_బల్ల మాస్టారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. జరిగింది తలకిందులుగా. ప్రీఎస్1 ముక్కలు కలిపితే కణాలకు ఇన్‌ఫెక్షన్ సోకడం లేదని 2000ల మొదట్లోనే తెలుసు. జర్మనీలో హైడెల్‌బర్గ్‌లో స్టెఫాన్ ఉర్బన్ బృందం ఆ ముక్కను మందుగా మలిచే పనిలో ఉంది. అప్పటికి అది దేన్ని పట్టుకుంటుందో ఎవరికీ తెలియదు. తాళంచెవి చేతిలో ఉంది, తాళం ఎక్కడుందో తెలియదు.

2012లో బీజింగ్‌లో వెన్‌హుయ్ లీ బృందం ఆ ముక్కనే గాలంగా వాడింది. టుపాయియా అని ఉడతలా ఉండే చిన్న జంతువు ఉంది, దాని కాలేయ కణాలకు బి వైరస్ సోకుతుంది. ప్రీఎస్1 ముక్కకు, వెలుగు పడితే పక్కనున్నదానికి అంటుకుపోయే భాగం ఒకటి అమర్చారు. కణాల మీద వేసి అతినీలలోహిత కాంతి పెట్టారు. గాలానికి అంటుకుని బయటికి వచ్చిన ప్రోటీన్ ఎన్‌టీసీపీ. అంతకు ముందు దశాబ్దాల పాటు ఇదే రిసెప్టర్ అని ఎన్నో పేర్లు వచ్చాయి, ఏదీ నిలవలేదు.

బయాలజీ_బల్ల
ఇన్నాళ్లూ తప్పు వరసలో చెబుతున్నానన్నమాట. రేపే సరిచేస్తాను. మరైతే రిసెప్టర్ దొరకడం వల్ల వైద్యానికి ఒరిగిందేమిటి? మందు ముందే ఉందిగా.

పిపెట్_పట్టినచేయి
చాలా ఒరిగింది. వెన్నెల గారు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. గుమ్మం తెలిసింది కాబట్టి దాని పని తెలిసింది, మూస్తే రక్తంలో ఏది పెరుగుతుందో తెలిసింది, ఏ మందులతో కలిపి వేయకూడదో తెలిసింది.

ల్యాబ్ పని కూడా మారిపోయింది. నేను కళ్లారా చూసింది చెబుతాను. హెప్‌జీ2 అని కాలేయ క్యాన్సర్ నుంచి తీసిన కణాలు ఉన్నాయి, ప్రపంచమంతా వాడతారు. వాటి మీద ఎన్‌టీసీపీ ఉండీ లేనట్టే ఉంటుంది. కణాలు పెంచే ల్యాబ్ పళ్లెంలో ఒక గుంటలో మామూలు హెప్‌జీ2, రెండో గుంటలో ఎన్‌టీసీపీ జన్యువు ఎక్కించిన హెప్‌జీ2, మూడో గుంటలో కూడా అవే కణాలు, కానీ ముందుగా బులెవిర్టైడ్ కలిపి. మూడింటిలోనూ ఒకే డి వైరస్ పోశాను. వారం ఆగి, రంగు వేసి, చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద పెట్టాను. మొదటి గుంటలో అన్నీ నీలం చుక్కలు, అవి కణ కేంద్రకాలు. రెండో గుంటకు జరపగానే నీలం మధ్యలో అక్కడక్కడ ఎర్రగా వెలిగే కేంద్రకాలు. అది డెల్టా యాంటిజెన్, అంటే డి వైరస్ ప్రోటీన్. మూడో గుంటకు వచ్చేసరికి మళ్లీ అంతా నీలం. ఒక్క ఎర్ర చుక్క కోసం పది నిమిషాలు వెతికాను. 1977లో ఇటలీలో మారియో రిజెట్టో రోగుల కాలేయ ముక్కల్లో మొదటిసారి చూసింది కూడా కేంద్రకాల్లో వెలిగే ఈ యాంటిజెన్‌నే. అప్పట్లో అది బి వైరస్‌దే కొత్త యాంటిజెన్ అనుకున్నారు.

వాన_చినుకు
మూడో గుంట దగ్గర నాకు ఒళ్లు పులకరించింది.

సూటిగా_చెప్తా
అంతా బాగుంది గానీ వెన్నెల గారికి అసలు సంగతి కూడా చెప్పండి. నా తమ్ముడు ఇది రెండేళ్లు పొడుచుకున్నాడు. లోడు బాగా తగ్గింది, ఎస్‌జీపీటీ మామూలైంది. ఆపారు. ఐదు నెలల్లో మళ్లీ మొదటికొచ్చింది. గుమ్మం దగ్గర కాపలా పెడితే సరిపోదు, ఇంట్లో ఉన్న దొంగ సంగతేమిటి?

పిపెట్_పట్టినచేయి
@సూటిగా_చెప్తా మీ మాట నిజం. వెన్నెల గారి రెండో ప్రశ్న కూడా ఇదే.

సోకిన కణాలు శాశ్వతం కాదు. కొన్నిటిని రోగనిరోధక శక్తి చంపుతుంది, కొన్ని వాటంతట అవే రాలిపోతాయి. వాటి స్థానంలో కొత్త కణాలు పుడతాయి. గుమ్మం తెరిచి ఉంటే ఆ కొత్త కణాలకూ వైరస్ సోకుతుంది, అలా జబ్బు ఏళ్ల తరబడి సాగుతుంది. గుమ్మం మూస్తే కొత్తవి శుభ్రంగా మిగులుతాయి, పాతవి క్రమంగా తగ్గుతాయి. కాబట్టి ఈ మందు పని నెమ్మది. వారాల్లో కాదు, నెలల్లో చూడాలి.

అయితే డి వైరస్‌కు ఇంకో దారి ఉంది. సోకిన కణం రెండుగా చీలినప్పుడు పిల్ల కణాలకూ వారసత్వంగా వెళ్తుంది. దానికి గుమ్మంతో పని లేదు. బి వైరస్ అయితే కేంద్రకంలో సీసీసీ డీఎన్‌ఏ అనే గుండ్రటి మూలప్రతిని దాచిపెడుతుంది, దాన్ని టెనోఫోవిర్ కూడా ముట్టుకోలేదు. అందువల్ల బులెవిర్టైడ్ ఒక్కటే వాడి ఆపితే చాలామందిలో తిరగబెడుతుంది. తమ్ముడికి రోగనిరోధక శక్తిని ఎగదోసే ఇంటర్ఫెరాన్ కలిపి ఇచ్చారా?

సూటిగా_చెప్తా
లేదు. వాడికి ప్లేట్‌లెట్లు తక్కువ, వద్దన్నారు. ఇప్పుడు మళ్లీ ఇంజక్షన్ మొదలుపెట్టారు, అంకెలు తగ్గుతున్నాయి. ఈసారి ఆపే మాట ఎత్తొద్దని చెప్పాను.

మందుల_చీటీ
అంకెలు కూడా పెడితే వెన్నెల గారికి పనికొస్తాయి. 150 మందితో చేసిన మూడో దశ ట్రయల్‌లో 2 మిల్లీగ్రాముల డోసు వాడినవాళ్లలో 48 వారాలకు 45 శాతం మందికి ఫలితం వచ్చింది. ఫలితం అంటే డి వైరస్ కనపడకపోవడం లేదా కనీసం వంద రెట్లు తగ్గడం, దాంతో పాటు ఎస్‌జీపీటీ మామూలుకు రావడం. మందు మొదలుపెట్టని గుంపులో అది 2 శాతమే. ఇంకో ట్రయల్‌లో 10 మిల్లీగ్రాముల డోసుకు పెగ్ ఇంటర్ఫెరాన్ కలిపి ఇచ్చారు. వైద్యం ఆపిన 24 వారాల తర్వాత కూడా 46 శాతం మందిలో డి వైరస్ కనపడలేదు. ఇంజక్షన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 12 శాతం. ఇంటర్ఫెరాన్ అందరికీ పడదు, జ్వరం, నీరసం, మనసు కుంగిపోవడం ఉంటాయి. సిరోసిస్ ముదిరినవాళ్లకు ఇవ్వరు. ఐరోపాలో ఈ మందుకు 2020లో షరతులతో అనుమతి వచ్చింది, 2023లో పూర్తి అనుమతి. అమెరికాలో 2022లో తయారీకి సంబంధించిన కారణాలతో వెనక్కి పంపారు.

వెన్నెల_వాకిలి
45 శాతం అంటే సగం కన్నా తక్కువే కదా. అయినా 2 శాతంతో పోలిస్తే... మా ఆయనకు చూపించాను. చాలాసేపు చదివి, మొదలుపెడదాం అన్నారు.

మలుపు_తర్వాత
నాది హెచ్‌ఐవీ. పదిహేనేళ్లుగా మందుల మీద ఉన్నాను, ఆరోగ్యంగానే ఉన్నాను. మన కణానికి మందు వేయడం అనేది మా దగ్గర కొత్త కాదు వెన్నెల గారూ, అందుకే రాస్తున్నాను.

హెచ్‌ఐవీకి కణం మీద రెండు ప్రోటీన్ల పట్టు కావాలి. మొదటిది సీడీ4. రెండోది సీసీఆర్5 గానీ సీఎక్స్‌సీఆర్4 గానీ. సీసీఆర్5ను మూసే మారవిరాక్ అనే బిళ్ల 2007లో వచ్చింది. ఒకప్పుడు నా మందులు పనిచేయడం మానేశాయి. మారవిరాక్ ఇద్దామని ముందుగా ట్రోపిజం పరీక్ష చేయించారు, అంటే నా ఒంట్లో వైరస్ ఏ గుమ్మం వాడుతోందో చూసే పరీక్ష. రిపోర్టు కోసం మూడు వారాలు ఎదురుచూశాను. రెండు గుమ్మాలూ వాడుతోందని వచ్చింది. డాక్టరు కాగితం మీద రెండు తలుపులు గీసి, ఒకదానికి అడ్డం గీత కొట్టి, ‘ఇది మూస్తే అటు నుంచి వస్తుంది, ఈ మందు మీకు దండగ’ అన్నారు. వేరే రకం మందు ఇచ్చారు, అది పనిచేసింది. ఆ కాగితం ఇంకా నా ఫైల్లో ఉంది.

పాతకాపు
మరి బి, డి వైరస్‌లకు అలాంటి రెండో తలుపు లేదా?

పిపెట్_పట్టినచేయి
ఇప్పటివరకు తెలిసినంతలో రెంటికీ అసలు గుమ్మం ఎన్‌టీసీపీయే. ఈజీఎఫ్ఆర్ లాంటి సహాయకులు ఉన్నారు గానీ అవి బదులు తలుపులు కావు. అందుకే బులెవిర్టైడ్‌కు ముందు ట్రోపిజం పరీక్ష లాంటిది అక్కర్లేదు.

వాన_చినుకు
సీసీఆర్5 లేకుండా పుట్టినవాళ్లకు హెచ్‌ఐవీ రాదంటారు, నిజమేనా?

మలుపు_తర్వాత
సీసీఆర్5 జన్యువులో 32 అక్షరాలు ఎగిరిపోయిన రకం ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అలాంటివే వస్తే ఆ తలుపు కణం మీదికే రాదు. ఉత్తర ఐరోపా మూలాలున్నవాళ్లలో సుమారు నూటికి ఒకరు అలా ఉంటారు. బెర్లిన్ పేషెంట్‌గా పేరుపడ్డ తిమోతీ రే బ్రౌన్‌కు లుకేమియా వస్తే, అలాంటి దాత మూలకణాలు 2007లో ఎక్కించారు. హెచ్‌ఐవీ మందులు ఆపినా వైరస్ తిరిగి రాలేదు. 2020లో ఆయన లుకేమియా తిరగబెట్టి పోయారు, హెచ్‌ఐవీతో కాదు. ఆ వార్త చదివిన రోజు నేను పనికి వెళ్లలేకపోయాను. మాలాంటి వాళ్లకు ఆయన అంటే అంత.

పిపెట్_పట్టినచేయి
దానికి ఒక మాట కలపాలి. రెండు ప్రతులూ లేనివాళ్లకు హెచ్‌ఐవీ అసలే రాదనలేం. సీఎక్స్‌సీఆర్4 వాడే రకం సోకిన అరుదైన కేసులు ఉన్నాయి. పైగా సీసీఆర్5 లేనివాళ్లకు వెస్ట్ నైల్ వైరస్ సోకితే లక్షణాలతో జబ్బు పడే అవకాశం ఎక్కువ. ఏ గుమ్మమూ ఊరికే లేదు. వెన్నెల గారి మొదటి అనుమానం అన్ని రిసెప్టర్ల విషయంలోనూ అడగాల్సిందే.

బీపీ_బిళ్ల
ఈ రిసెప్టర్ మాట సగం విని మా ఇంట్లో ఎంత పని జరిగిందో చెబుతాను. 2020లో కరోనా మన కణాల మీది ఏస్2 అనే ప్రోటీన్ ద్వారా లోపలికి వెళ్తుందని టీవీలో చెప్పారు. మా అమ్మ వేసుకునే బీపీ మాత్ర ఏస్ ఇన్‌హిబిటర్. రెండింట్లోనూ ఏస్ ఉంది కదా అని భయపడి, ఎవరికీ చెప్పకుండా మానేసింది. పన్నెండో రోజు తల తిరుగుతోందంటే చూశాం, బీపీ 200 దాటింది.

మందుల_చీటీ
అమ్మగారు ఇప్పుడు బాగున్నారనుకుంటాను. ఏస్, ఏస్2 అక్కచెల్లెళ్ల లాంటివి, పనులు వేరు. ఆ మాత్ర మూసేది ఏస్‌ని, వైరస్ పట్టుకునేది ఏస్2ని. తర్వాత చేసిన ట్రయల్స్‌లో ఆ మాత్రలు ఆపినవాళ్లకూ కొనసాగించినవాళ్లకూ తేడా కనపడలేదు.

బీపీ_బిళ్ల
బాగుంది. ఇప్పుడు మాత్ర ఎదురుగా వేసుకుని చూపిస్తుంది.

బయాలజీ_బల్ల
కరోనాకు గుమ్మం మూసే మందు ఎందుకు రాలేదు మరి?

పిపెట్_పట్టినచేయి
ప్రయత్నించారు. ఏస్2ను పట్టుకున్నాక వైరస్ స్పైక్‌ను టీఎమ్‌పీఆర్‌ఎస్ఎస్2 అనే ఎంజైమ్ కోయాలి. దాన్ని ఆపే కామోస్టాట్ మాత్ర ల్యాబ్‌లో బాగా పనిచేసింది, రోగుల్లో చెప్పుకోదగ్గ మేలు చేయలేదు. కణం వైరస్‌ను సంచిలా మింగే ఇంకో దారి కూడా ఉంది, అక్కడ కోత పెట్టేది వేరే ఎంజైమ్‌లు. స్పైక్‌ను పట్టుకునే యాంటీబాడీలు మొదట్లో బాగా పనిచేశాయి, ఒమిక్రాన్ వచ్చాక స్పైక్ ఆకారం మారి చాలావరకు పట్టు తప్పాయి. వైరస్ తన ప్రోటీన్‌ను మార్చుకోగలదు, మన ఎన్‌టీసీపీని మార్చలేదు. మన కణానికి మందు వేయడంలో ఉన్న బలం అది. బలహీనత కూడా అక్కడే ఉంది, మూసేది మన ఒంట్లో ఒక పనిని.

వేదిక_నిర్వాహకులు
కరోనా గురించి వేరే చర్చ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ వెన్నెల గారి ప్రశ్న దగ్గరే ఉందాం.

మందుల_చీటీ
వెన్నెల గారూ, ఒక ముఖ్యమైన సంగతి. మీ ఆయన ఇంకేమేం మందులు వాడుతున్నారో డాక్టరుకు మొత్తం చెప్పారా? ఎన్‌టీసీపీ కొన్ని మందులను కూడా లోపలికి లాగుతుంది. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్‌లు, థైరాయిడ్ హార్మోన్లు ఉంటే కనిపెట్టి చూడాలి. ఎన్‌టీసీపీని తామే అడ్డుకునే మందులు ఇంకో రకం: సైక్లోస్పోరిన్, సల్ఫాసలజైన్, ఎజెటిమైబ్, ఇర్బెసార్టన్, రిటోనావిర్. వీటిని బులెవిర్టైడ్‌తో కలిపి వాడొద్దని మందు సమాచార పత్రంలోనే ఉంటుంది.

వెన్నెల_వాకిలి
ఇర్బెసార్టన్!! బీపీకి ఆయన వేసుకునేది అదే. కాలేయ డాక్టరు అడగలేదు, మేమూ చెప్పలేదు. బీపీ మాత్రకు దీనికి ఏం సంబంధం అనుకున్నాం. రేపే ఫోన్ చేస్తాను.

మందుల_చీటీ
ఫోన్ చేయండి, కానీ మీ అంతట మీరు ఆపకండి. పైన బీపీ_బిళ్ల గారి అమ్మగారి సంగతి చూశారుగా. వేరే బీపీ మందుకు మార్చడం తేలికే, డాక్టరు చూసుకుంటారు. టెనోఫోవిర్ కూడా ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు, అది బి వైరస్‌కు, ఇది డి వైరస్‌కు. ఏది హఠాత్తుగా ఆపినా హెపటైటిస్ ఎగదన్నవచ్చు.

పాతకాపు
నాకు బి ఒక్కటే ఉంటే ఈ ఇంజక్షన్ ఉపయోగమా?

పిపెట్_పట్టినచేయి
ప్రస్తుతం అనుమతి డి ఉన్నవాళ్లకే. బి వైరస్ పునాది ఆ సీసీసీ డీఎన్‌ఏ. గుమ్మం మూసినా అది లోపలే ఉంటుంది. లోడును అణచడానికి రోజుకో బిళ్ల బాగా పనిచేస్తున్నప్పుడు ఇంజక్షన్ ఎందుకు?

వాన_చినుకు
సీసీఆర్5 లేకుండా పుట్టినట్టే ఎన్‌టీసీపీ లేకుండా పుట్టినవాళ్లు ఉన్నారా?

పిపెట్_పట్టినచేయి
ఉన్నారు, వెన్నెల గారి భయానికి అన్నిటికన్నా మంచి జవాబు వాళ్లే. ఎన్‌టీసీపీ పనిచేయని ఒక పాప గురించి 2015లో వైద్య పత్రిక రాసింది. రక్తంలో బైల్ యాసిడ్స్ విపరీతంగా ఉన్నాయి, అయినా కామెర్లు లేవు, దురద లేదు. తూర్పు ఆసియా వాళ్లలో కొందరికి ఎన్‌టీసీపీలో ఎస్267ఎఫ్ అనే మార్పు ఉంది. ఆ మార్పు ఉంటే వైరస్‌కు పట్టు చిక్కడం కష్టం, బైల్ యాసిడ్స్ రవాణా కూడా తగ్గుతుంది. అలాంటివాళ్లలో దీర్ఘకాలపు హెపటైటిస్ బి తక్కువ. పూర్తి రక్షణ మాత్రం కాదు.

ఎలుక సంగతి ఇంకా వింత. ఎలుక ఎన్‌టీసీపీ మన దానికి చాలా దగ్గర, కానీ 84 నుంచి 87 వరకున్న అమైనో ఆమ్లాల దగ్గర తేడా వల్ల వైరస్ లోపలికి పోలేదు. మనిషి ఎన్‌టీసీపీ పెట్టిన ఎలుకలకు డి సోకుతుంది, బి మాత్రం అప్పటికీ సోకదు. లోపల ఇంకేదో అడ్డుపడుతోంది. అదేమిటో తేల్చాలని మా గదిలో ఇద్దరు రోజూ వాదించుకుంటారు.

వెన్నెల_వాకిలి
ఆ పాప గురించి చదివాక మనసు కుదుటపడింది. మా పిల్లలిద్దరికీ పుట్టగానే బి టీకా వేయించాం. డి కి వేరే టీకా ఉందా?

మందుల_చీటీ
అక్కర్లేదండీ. బి లేకపోతే డి కి చొక్కా ఉండదు, కాబట్టి బి టీకాయే రెండింటికీ కాపలా. ఒకసారి, టీకా పట్టిందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష చేయించి 10 దాటిందో లేదో చూసుకోండి. మీరూ చేయించుకోండి.

వెన్నెల_వాకిలి
మూడు నెలల తర్వాత రాస్తున్నాను. ఇర్బెసార్టన్ మార్చి, రెండు వారాలు బీపీ చూసి, అప్పుడు ఇంజక్షన్ మొదలుపెట్టారు. చిన్న సీసాలో తెల్లటి పొడి, ఒక మిల్లీలీటరు నీళ్లు పోసి పూర్తిగా కరిగేదాకా ఆగాలి. మొదటి రోజు నా చేతులు వణికాయి, నీళ్లు సీసా బయట పోశాను. ఇప్పుడు ఆయనే కలుపుకుని తొడకు వేసుకుంటారు, ఒక రోజు కుడి, ఒక రోజు ఎడమ.

నిన్న రిపోర్టులు వచ్చాయి. ఎస్‌జీపీటీ 118 నుంచి 57కి దిగింది. డి లోడు సుమారు ముప్పై రెట్లు తగ్గింది. బైల్ యాసిడ్స్ మాత్రం ఎర్ర అక్షరాల్లో, పక్కన బాణం గుర్తుతో, ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ. ఇంతకు ముందైతే ఆ కాగితం చూసి కూలబడేదాన్ని. ల్యాబ్ అమ్మాయే కంగారుపడి డాక్టర్ని వెంటనే కలవమంది. తలుపు మూసుకుందని అర్థం అమ్మా అని నేనే చెప్పాను. దురద లేదు. డాక్టరు కూడా ఊహించిందే అన్నారు.

మందు ఎగ్గొడుతున్నావా అని తొమ్మిదేళ్లు అడిగినందుకు ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను.

సూటిగా_చెప్తా
చాలా సంతోషం అక్కా. తమ్ముడికి ఇర్బెసార్టన్ సంగతి చూపించాను, వాడికి ఎజెటిమైబ్ రాసి ఉంది. అదీ మార్పించాం.

పాతకాపు
నా డెల్టా పరీక్ష నెగటివ్. అడిగితే గానీ రాయలేదు. ఈ చర్చ చూడకపోతే అడిగేవాణ్ని కాదు.

వెన్నెల_వాకిలి
@పాతకాపు ఎంత మంచి మాట చెప్పారు. వచ్చే నెల ఒక పెళ్లికి ఐదు రోజులు ప్రయాణం ఉంది. సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి కదా, ఎలా తీసుకెళ్లాలి?

మందుల_చీటీ
2 నుంచి 8 డిగ్రీలు నిలబెట్టే ఇన్సులిన్ బ్యాగు తీసుకోండి. ఐస్ ప్యాక్ సీసాలకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి. నీళ్ల సీసాలు, సూదులు విడిగా పెట్టుకోండి. డాక్టరు చీటీ కాపీ ఒకటి బ్యాగులోనే ఉంచండి, తనిఖీ దగ్గర అడుగుతారు. వెళ్లగానే అక్కడి ఫ్రిజ్‌లోకి మార్చండి.